రోడ్డు పక్క నాలుగు చుట్లు

నెస్టర్ బిలిక్ తన పొలాన్ని ఎప్పుడూ రోడ్డు మీద పోయేవాడి కళ్ళతోనే చూసుకున్నాడు. వాడు నాకు స్వయానా బావమరిది, నా భార్య స్టెఫాకి తమ్ముడు. కాబట్టి వాడి మంచీ చెడూ రాసే హక్కు ఈ వెస్నా ఊళ్ళో నాకున్నంతగా ఇంకెవరికీ లేదు.

నేనెవరో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. నా పేరు ప్రోకోప్ మెల్నిచుక్. ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను, ఆ చదువుతోనే అందరికీ సలహాలు చెప్పే స్థితికి వచ్చాను. ఆవాలకు దగ్గరి చుట్టమైన ఈ పసుపు పూల పంటకు కనోలా అనే పేరు ఇంకా పెట్టని రోజుల్లోనే దీన్ని వెస్నాలో మొదట వేసింది నేను. అప్పుడు నవ్వినవాళ్ళే తరవాత మా గుమ్మంలో నిలబడి విత్తనం అడుక్కున్నారు. రాజధాని రెజైనాలో ధాన్యపు పోటీలకు వెళ్ళి మొదటి బహుమతి రెండుసార్లు తెచ్చాను. మా చర్చి గుమ్మటానికి కొత్త రేకు వేసినప్పుడు నిచ్చెన ఎక్కింది నేను. కింద నిలబడి "వంకరగా ఉంది బావా, పక్క ఊరు కానోరా వాళ్ళ గుమ్మటం ఇంతకంటే మెరుస్తుంది" అన్నది నెస్టర్.

అదీ వాడి తత్వం. చిన్నప్పుడు తన పళ్ళెంలో పెరోహీ కుడుములు చల్లారిపోతుంటే అక్క పళ్ళెంలో ఉన్నవి ఎంత లావుగా ఉన్నాయో చూస్తూ కూర్చునేవాడట. స్టెఫా ముద్దుగా చెబుతుంది. నాకు అందులో ముద్దేమీ కనబడదు.

పెద్దవాడయ్యాక పళ్ళెం పోయి గొర్రు వచ్చింది. వాళ్ళ నాన్న ఇచ్చిన పాత విత్తనాల గొర్రు బాగానే పనిచేసేది. పొరుగువాడు వెడల్పాటిది కొన్నాడని దాన్ని అమ్మేశాడు. వెడల్పాటిది ఇంట్లోకి వచ్చేసరికి ఇంకొకడు ఉక్కు పళ్ళేలతో నేలను కోసే గొర్రు కొన్నాడు. దానికీ మారాడు. చివరికి గాలిగొర్రు తెచ్చాడు. వెనక పెద్ద తొట్టి, అందులోంచి గాలి గింజల్ని గొట్టాల్లోకి ఊదుతుంది, ఒక్కో గొట్టం చివరన ఒక్కో ఉక్కు పన్ను, అది గింజను నేలలో దించుతుంది. నలభై అడుగుల వెడల్పు. దాన్ని ఇంటి వెనక షెడ్డులో పెట్టమని నేనంటే రోడ్డుకు ఎదురుగా పెట్టాడు. చలికాలమంతా మంచు కింద తుప్పు పట్టింది, అయినా రోడ్డుకు ఎదురుగానే ఉంది.

ఇంత చెప్పాక ఒక నిజం చెప్పకపోతే నేనూ వాడిలాంటివాణ్ణే అవుతాను. నెస్టర్ చెడ్డ రైతు కాడు. ఎవరూ చూడని చోట వాడి చెయ్యి చాలా మంచిది. నాకు వాడి మీద ఉన్న రోత అంతా అందుకే.

వాడికి రెండు చెక్కల పొలం ఉంది. వాటి మధ్యన, నోట్లో ఊడిన పన్ను సందులాగా, వీన్స్ వాళ్ళ నూట అరవై ఎకరాలు. ఒక చేలోంచి రెండో చేలోకి పోవాలంటే గొర్రు మడిచి, రోడ్డెక్కి, చుట్టూ తిరిగి పోవాలి. ఆ నేల కౌలుకు దొరికితే మూడు చెక్కలూ ఒకే చేను అవుతాయి. పెళ్ళయిన నాటినుంచీ వాడి కోరిక అది. అబ్రామ్ వీన్స్ బతికున్నన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వలేదు. ఆ చలికాలం అబ్రామ్ పోయాడు. అతని భార్య హెల్గా సమాధి దగ్గరే చెప్పేసింది: "ఎవరు ఎక్కువిస్తారని చూడను. నేలను ఎవరెలా చూసుకుంటారో చూసి ఇస్తాను. జూన్‌లో మీ చేలకొస్తా."

అడిగినవాళ్ళు ఇద్దరు. నెస్టర్ ఒకడు. రెండోవాడు డార్సీ లిండ్‌క్విస్ట్, ముప్ఫై నాలుగేళ్ళవాడు, డెబ్భై అడుగుల కొత్త గాలిగొర్రు కొని ఒళ్ళు తెలియకుండా తిరుగుతున్నవాడు.

గుంటల్లో మంచు ఇంకా కరగని ఏప్రిల్ పొద్దున, పెట్రోలు బంకు వెనకగదిలో కాఫీ బల్ల దగ్గర ఇద్దరూ తగులుకున్నారు.

"డెబ్భై అడుగులు నెస్టరూ! నేను ఒక్కసారి పోయొస్తే నువ్వు రెండుసార్లు పోయొచ్చినంత," అన్నాడు డార్సీ.

"అడుగుల సంగతి నేలకేం తెలుసురా అబ్బాయ్? గింజ ఎంత లోతులో పడిందో అది చెప్పు."

"అదంతా తెర మీద కనపడుద్ది. ప్రతి పన్నూ తన లోతు తనే చూసుకుంటది. నేను సీట్లో కూచుని సాండ్‌విచ్ తింటా."

"అందుకేగా పోయినేడు నీ చేను బట్టతలకి దువ్వెన పెట్టినట్టు మొలిచింది!"

బల్లంతా నవ్వింది. డార్సీ కూడా నవ్వాడు గానీ వదల్లేదు. "మొలిచిన మొక్కల్ని చూశావా? ఒక్కోటి పొద. నా కొత్త రకం కాయ గాలివానకి కూడా పగల్దు. నీ రకం పక్కన తుమ్మితే చాలు, రాలుద్ది."

"రాలింది నీ బుర్ర. నా రకానికి కాండం కుళ్ళు రాదు. నీదానికొచ్చిందా లేదా?"

"వచ్చింది. వచ్చినా నీకంటే ఎక్కువ పండింది."

నేను కలగజేసుకోవలసి వచ్చింది.

"ఒరే, మీ ఇద్దరి గొర్లూ కలిపినా నా పాత గొర్రంత పని చెయ్యవు. దాంతో నేను పండించినంత ఈ ఊళ్ళో ఇంతవరకు ఎవడూ పండించలేదు."

"నిజమే పెద్దాయనా, అప్పట్లో వానలు కూడా మీ మాట వినేవంట," అన్నాడు డార్సీ. తరవాత నెస్టర్ భుజం మీద చెయ్యేసి, "ఎందుకీ గొడవంతా? హెల్గక్క ముసలావిడ. కారు దిగుద్దా ఏంటి? రోడ్డు మీంచి ఏది కనపడితే అదే చేను," అన్నాడు.

వాడు వేళాకోళానికి అన్నాడు. మా వాడు బైబిలు వాక్యంలాగా మనసులో రాసుకున్నాడు.

మే నెలలో వాడు విత్తుతున్న రోజున స్టెఫా పొగబెట్టిన సాసేజీ, రొట్టె మూటగట్టి ఇచ్చింది. తీసుకుని వెళ్ళాను. గొర్రు రోడ్డు పక్కన ఆగి ఉంది. నెస్టర్ తొట్టి మీదెక్కి, లోపల మిగిలిన గింజల్ని చిన్న చీపురుతో ఊడుస్తున్నాడు. కింద రెండు రకాల సంచులు. ఒకదాంట్లో మందు పట్టించిన గింజ నీలంగా ఉంది, రెండోదాంట్లో ఆకుపచ్చగా ఉంది.

"ఏంట్రా ఇది?"

"లోపలంతా అయిపోయింది బావా. మన పాత రకమే వేశా. ఇక రోడ్డు పక్క అంచున గొర్రు పోయే నాలుగు చుట్లు మిగిలాయి. వాటికి డార్సీ రకం."

"డార్సీ రకమా?"

"ఎవరితోనూ అనకు. ఖరీదు మండిపోతోంది, అందుకే నాలుగు చుట్లకే తెచ్చా. ఎరువు కూడా ఇక్కడ కాస్త ఎక్కువ పోస్తా. నిదానంగా నడుపుతా. హెల్గక్క కారు అద్దంలోంచి చూస్తే కళ్ళు చెదరాలి."

నేను చేను లోపలికి నడిచాను. ఎనభై దాటినా నా మోకాళ్ళు వంగుతాయి. జేబుకత్తితో చాలు తవ్వి చూశాను. బొటనవేలి గోరంత లోతులో, తడి మట్టిలో, గింజ పక్కన గింజ కుదురుగా ఉంది. ఇంకోచోట తవ్వాను. అక్కడా అంతే. కనోలా గింజ ఆవగింజంత ఉంటుంది. కాస్త లోతుగా పడితే పైకి రాలేదు, కాస్త పైన పడితే ఎండిపోతుంది. బహుమతులు తెచ్చుకున్న చేత్తో చెబుతున్నాను, నేను విత్తినా అంతకంటే బాగా విత్తలేను.

వెనక్కి వచ్చి, "లోపల ఇంత చక్కగా వేసి, ఈ అంచుకి రంగులెందుకురా?" అన్నాను.

"లోపల ఎవరు చూస్తారు బావా?"

"సరే, ఇంకో సంగతి. ఆ రకానికి ఒక కలుపు మందు, దీనికి ఇంకోటి. ఒకదాని మందు రెండోదానికి విషం. ఒకే చేలో రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటావా?"

"నాకు తెలీదా? ఎన్నేళ్ళనుంచి మందు కొడుతున్నా! ముందు లోపల కొట్టి, ట్యాంకు కడిగి, తరవాత అంచుకి దాని మందు కొడతా. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తావేం?"

"తెలిసి చేస్తున్నావు కాబట్టే వెగటు పుడుతోంది. తెలియనివాడైతే జాలిపడేవాణ్ణి," అని సాసేజీ వాడి చేతిలో పెట్టి వచ్చేశాను.

మొలక అద్భుతంగా వచ్చింది. లోపలా వచ్చింది, అంచునా వచ్చింది. రోడ్డు పక్క నాలుగు చుట్లు మాత్రం ఆకులు అరచేతంత చేసుకుని మిడిసిపడుతున్నాయి. నెస్టర్ రోజూ సాయంత్రం ట్రక్కు వేసుకుని ఆ రోడ్డున పోయేవాడు, మళ్ళీ వెనక్కి వచ్చేవాడు. సొంత చేనును చూడ్డానికి పరాయివాడిలాగా!

జూన్ మొదట్లో ఒక పొద్దున గాలి పడిపోయింది. మా దగ్గర గాలి పడిపోయిన పొద్దున ఎవరూ ఇంట్లో ఉండరు, అందరూ మందు కొట్టడానికి పరుగెత్తుతారు. నెస్టర్ లోపలి చేనుకు కావలసిన మందు ట్యాంకులో కలుపుకుని పొలం చేరాడు. అంతవరకు బాగానే ఉంది. ఇంతలో రోడ్డు మీద డార్సీ ట్రక్కు ఆగింది. వాడు మోచెయ్యి కిటికీ మీద పెట్టి చూస్తున్నాడు.

ఇక్కడ ఎవరైనా ముందు చేను చుట్టూ అంచుకు కొట్టి, ఆ తరవాతే మధ్యలోకి పోతారు. బండి తిప్పుకోవడానికి చోటుండాలి కదా. అంచు వదిలేసి మధ్యలోంచి మొదలుపెడితే డార్సీ ఎందుకని అడుగుతాడు. నీ రకం దొంగతనంగా వేశాను, దానికి వేరే మందు అని చెప్పాలి. నెస్టర్ ఆలోచించాడో, అలవాటున చెయ్యే పోయిందో, అందరిలాగే రోడ్డు పక్కనుంచి మొదలుపెట్టాడు.

ఇదంతా వాడే నాకు చెప్పాడు. చెప్పినదాంట్లో నన్ను కుదిపేసింది తప్పు మందు కొట్టడం కాదు. నేను అడిగాను: "ఎప్పుడు గుర్తొచ్చిందిరా?"

"సగం దూరం పోయాక."

"మరి ఆపలేదేం?"

"ఆపితే ఎందుకాపావని డార్సీ అడుగుతాడు కదా బావా."

ఛీ! నా జన్మలో ఎన్నో చూశాను. వడగళ్ళకు పంట నేలమట్టం కావడం చూశాను, మిడతలు చూశాను. పక్కవాడు చూస్తున్నాడని తన మొక్కల మీద తెలిసి తెలిసి విషం పోసుకుంటూ చివరిదాకా నడిపినవాణ్ణి మాత్రం అప్పుడే చూశాను. పైగా రోడ్డు చివరికి వెళ్ళాక డార్సీకి చెయ్యి కూడా ఊపాడట.

వారం తిరిగేసరికి అంచు పసుపుపచ్చబడింది. ఇంకొన్నాళ్ళకు గోధుమరంగు తిరిగి, కాలిన కాగితంలాగా ముడుచుకుపోయింది. లోపలి చేను మాత్రం పచ్చగా నిగనిగలాడుతోంది. ఎండిన అంచు రోడ్డు పొడవునా గీత గీసినట్టు తిన్నగా ఉంది. గుడ్డివాడికి కూడా తెలుస్తుంది, అది మందు పని అని.

కాఫీ బల్ల దగ్గర నెస్టర్ ఏమన్నాడో తెలుసా?

"మంచు పడింది. జూన్ మంచు, మొక్కల్ని మాడ్చే మాయదారి మంచు."

"మంచా?" అన్నాడు డార్సీ. "రోడ్డు పక్కనే పడిందా? లోపలికి రావద్దని బోర్డు పెట్టావా నెస్టరూ?"

"గాలివాటం అటుంది."

"ఓహో. నా చేను ఎదురుగానే ఉంది. మంచు రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసుకుని ఆగిపోయిందేమో పాపం!"

అందరూ బల్ల కొట్టి మరీ నవ్వారు. నెస్టర్ కూడా నవ్వబోయాడు. ఆ నవ్వు చూడలేక నేను కాఫీ సగంలో వదిలేసి లేచాను.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. స్టెఫా బీట్‌రూట్ చారు, బోర్ష్, పోసి ముందు పెట్టింది. ముట్టుకోలేదు.

"రేపు హెల్గక్క వస్తోంది బావా. నిన్ను కూడా తోడు రమ్మందట. నువ్వూ మంచు వల్లే అని చెప్పు. నీ మాటంటే ఆమెకి గురి."

"ఎందుకు గురి? ధాన్యపు గిడ్డంగి ఎలివేటర్‌లో తూకం దగ్గర నేను కూర్చున్నన్నాళ్ళూ ఈ ఊరి ధాన్యం గింజ అటూ ఇటూ పోలేదు. అందుకు గురి. దాన్ని తెచ్చి నీ మంచులో పాతిపెట్టమంటావా? నిజం చెప్పరా. తప్పు మందు కొట్టానని చెప్పు. చేను చూపించు. లోపల బంగారం ఉంది నీకు."

"తప్పు మందు కొట్టేవాడికి ఎవరైనా నేలిస్తారా? మంచు అంటే దేవుడి మీదికి పోద్ది."

"దేవుడికి వేరే పనుల్లేవా, నీ నాలుగు చుట్లు ఎండబెట్టడానికి?"

స్టెఫా మధ్యలోకి వచ్చింది. "వాడు నా తమ్ముడండీ. వత్తాసు పలకొద్దు, కనీసం నోరు మూసుకోలేరా?"

"మూసుకుంటా. అబద్ధం మాత్రం ఆడను," అన్నాను. ఆ మాట మీద నిలబడ్డాను.

మర్నాడు హెల్గా వీన్స్ వచ్చింది. ముందు డార్సీ చేను చూసి వచ్చింది. అందరూ అనుకున్నట్టు కారులోంచి చూసే మనిషి కాదు ఆవిడ. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, నా భుజం పట్టుకుని రోడ్డు పక్క గుంట దాటింది. ఎండిన మొక్కల మీద నడుస్తుంటే కాళ్ళకింద కరకరలాడాయి. ఆవిడ కిందికి చూడలేదు. పచ్చని చేలోకి వెళ్ళాక వంగి, మొక్కకూ మొక్కకూ మధ్య అరచెయ్యి పెట్టి చూసింది. ఇంకా లోపలికి నడిచి మళ్ళీ చూసింది. మా ఇద్దరినీ మరిచిపోయినట్టు చాలాసేపు అలాగే తిరిగింది.

"చాలా బాగుంది నెస్టర్," అంది చివరికి. "అబ్రామ్ చూస్తే సంతోషించేవాడు."

నెస్టర్ మొహం వెలిగింది. ఆ క్షణాన ఆ నూట అరవై ఎకరాలూ వాడి అరచేతిలో ఉన్నాయి. నేను చూశాను.

"మరి అంచుకేమైంది?"

"మంచు పడిందక్కా."

"ఎప్పుడు?"

"పోయిన వారం ముందు వారం."

"నా టమాటా మొక్కలు అప్పట్నుంచీ బయటే ఉన్నాయి. దుప్పటి కూడా కప్పలేదు. ఒక్కటీ చావలేదే!" అంది హెల్గా. మంచు పడితే ముందు చచ్చేది టమాటా. ఈ ఊళ్ళో పసిపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. ఆవిడ నావైపు తిరిగింది. "ప్రోకోప్ గారూ, మీరేమంటారు?"

"చేను వాడిది. వాణ్ణే అడుగమ్మా."

ఆవిడ అడగలేదు. చెప్పడానికి వాడికి కావలసినంత చోటు వదిలింది. అప్పుడే రోడ్డు మీద ఎవరిదో ట్రక్కు వెళుతోంది. నెస్టర్ చూపు దాని వెనకే పోయింది. ఆ కాసేపూ నేను చర్చిలో కూడా చెయ్యనంత ప్రార్థన చేశాను.

"మంచేనక్కా," అన్నాడు. "అక్కడ పల్లం కదా, చలి అక్కడే దిగుద్ది."

ఆ చేలో అన్నిటికంటే మిట్టగా ఉన్నది రోడ్డు పక్కనే.

హెల్గా చేతులు దులుపుకుంది. "అబ్రామ్ కూడా ఒకసారి తప్పు మందు కొట్టి చేను మాడ్చుకున్నాడు. ఇంటికొచ్చి, టోపీ తీసి, గుమ్మంలోనే చెప్పాడు. పంట పోతే పోయింది. డార్సీ చేనిప్పుడే చూసొచ్చా. సగం బోడిగా ఉంది. ఏంటిదని అడిగితే, 'జోరుగా పోయా హెల్గక్కా, గింజ లోతుకు పోయింది, నా తప్పే' అన్నాడు. వాడికి నిదానం నేర్పొచ్చు. నేల వాడికిస్తున్నా."

అంతే. ఆవిడ నా భుజం పట్టుకోకుండానే గుంట దాటి వెళ్ళిపోయింది.

నెస్టర్ నన్ను ఇంటి దగ్గర దింపడానికి ట్రక్కు ఎక్కించుకున్నాడు. కన్నీళ్ళు పెట్టుకుంటాడేమో అనుకున్నాను. పెట్టుకుంటే బహుశా నా మనసు కరిగేది. సగం దారిలో స్టీరింగు మీద చేత్తో కొట్టి అన్నాడు:

"డార్సీగాడు ఎంత తెలివైనవాడు బావా! ముందే తప్పు ఒప్పేసుకున్నాడు చూశావా? ఆ ఎత్తు నాకు తట్టనే లేదు. వాడేం చెప్పాడో ముందే తెలిస్తే నేనూ అదే చెప్పేవాణ్ణి."

బండి ఆపమని చెప్పి దిగి, మిగిలిన దారి నడిచే వెళ్ళాను.

ఎండిన అంచును నెస్టర్ దున్నేసి పశువుల మేతకు ఓట్స్ గింజలు చల్లాడు. డార్సీ ఇప్పుడు వీన్స్ వాళ్ళ నేల చేస్తున్నాడు. ఇంకా జోరు తగ్గలేదు, హెల్గా గుంట పక్కన నిలబడి కేకలేస్తే కాస్త తగ్గిస్తాడు. మా వాడు మాత్రం ఈ చేలోంచి ఆ చేలోకి గొర్రు మడుచుకుని చుట్టూ తిరిగే పోతున్నాడు.

ఆ శరత్కాలంలో నెస్టర్ లోపలి చేను ఎకరానికి యాభై తొమ్మిది బుషెళ్ళు పండింది. డార్సీకి అంత రాలేదు, చుట్టుపక్కల ఇంకెవరికీ రాలేదు. నా రికార్డు ఒక్కటే దానికంటే పైన ఉంది. వాడు ఆ సంగతి కాఫీ బల్ల దగ్గర చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. "ఆ పంట కూడా మంచు కథేనా?" అన్నాడొకడు. నెస్టర్ నావైపు చూశాడు. ఆ కోత రోజున కంబైన్ మీద వాడి పక్కన కూర్చున్నది నేనే. ఎవరైనా అడిగితే నిజమేనని చెప్పేవాణ్ణి.

ఎవరూ అడగలేదు. నేను నా కాఫీ తాగాను.